ముందు బ్లాంకో పొయ్యండి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో మెట్టచేల గట్లమీద కిత్తనార చూడనివాళ్లు ఉండరు. బూడిదరంగు మట్టలు, అంచులనిండా ముళ్లు, కొసన ఇంకో పెద్ద ముల్లు. మేక మూతి పెట్టదు. పచ్చి రసం ఒంటికి తగిలితే పొద్దుగూకేదాకా దురద. మట్టలు గుంటలో నానేసి, బాది, నార తీసి పగ్గాలు పేనుకున్న తరం దాటిపోయాక, ఆ మొక్క కంచెకు తప్ప ఎందుకూ కొరగాదని అందరం తీర్మానించేసుకున్నాం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం తలవంచుకుని తిరిగే జనం కూడా దాన్ని తప్పుకుని నడుస్తారే తప్ప దానివైపు చూడరు. ఈ మొక్కకు దాయాది అయిన నీలి అగావే నుంచే మెక్సికోవాళ్లు టెకీలా దించుతారు. ప్రపంచంలో కాచి దించే మద్యాలన్నిటిలో నా ఓటు దానికే. విస్కీ మిత్రులు కోప్పడినా సరే.

కారణం చెప్తాను. బార్లీ కొన్ని నెలల పంట. ద్రాక్ష ఏటేటా కాస్తుంది. అగావే అట్లా కాదు, ఐదారేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఎండలో నిలబడి మట్టల నడుమనున్న దుంపలో చక్కెర దాచుకుంటుంది. జీవితంలో ఒక్కసారే పూల గెడ వేసి, ఉన్నదంతా దానికే ఖర్చుపెట్టి చచ్చిపోతుంది. ఆ గెడ లేవకముందే దాచుకున్నదాన్ని పట్టుకోవాలి. అన్నేళ్లు మొక్క కూడబెట్టిన రుచి సీసాలో మిగిలిందా లేదా అన్నదొక్కటే టెకీలాకు పరీక్ష. మంచి పనితనమంతా ఆ రుచిని కాపాడటంలో ఉంది, మోసమంతా దాన్ని కప్పెట్టడంలో ఉంది.

చరిత్ర రెండు ముక్కల్లో కానిద్దాం. స్పానిష్‌వాళ్లు రాకముందు అక్కడివాళ్లు అగావే రసం పులియబెట్టి తాగేవారు. బట్టీ పెట్టి కాచే విద్య స్పెయిన్ నుంచి వచ్చిందంటారు, ఫిలిప్పీన్స్ నావికులు తెచ్చారని ఇంకొందరంటారు. టెకీలా కాచే క్వెర్వో కుటుంబానికి 1758లో భూములు, 1795లో కాచుకునే అనుమతి దక్కాయి. 1974 నుంచి 'టెకీలా' అన్న పేరు మెక్సికో సొత్తు. హలీస్కో రాష్ట్రమంతా, మరో నాలుగు రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలు మాత్రమే తమ సరుకును టెకీలా అని పిలుచుకోవచ్చు. 2006లో టెకీలా ఊరి చుట్టూ ఉన్న అగావే చేలను యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఇక పని దగ్గరికి వద్దాం.

అగావే కోసేవాడిని హిమదోర్ అంటారు. చేతిలో కోవా ఉంటుంది. పొడుగాటి కర్రకు గుండ్రటి పలక బిగించిన పదునైన పనిముట్టు అది. దాంతో మట్టలన్నీ చెక్కేసి నడుమనున్న దుంపను బయటపెడతాడు. అనాసపండు ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని పీన్యా అంటారు. నలభై యాభై కిలోలు మామూలే. మట్టలు మొదలంటా చెక్కాలా, కాస్త పచ్చ ఉంచాలా అన్నది యజమానికీ హిమదోర్‌కీ మధ్య తేలాల్సిన సంగతి. పచ్చ ఎక్కువైతే చేదు వస్తుంది. ఆ విద్య బళ్లో నేర్పేది కాదు, తండ్రి వెనక నడిచి నేర్చుకునేది.

పచ్చి దుంపలో ఉన్నది ఇనులిన్. దాన్ని ఈస్టు తినలేదు, వేడి పెట్టి చక్కెరగా మార్చాలి. పాతకాలం ఇటుక పొయ్యిల్లో రెండు మూడు రోజులు ఆవిరి మీద మెల్లగా ఉడికిస్తారు. ఆటోక్లేవ్ అనే ఉక్కు పాత్రలో ఒక పూటలో అయిపోతుంది. తర్వాత రసం పిండాలి. తహోనా అంటే అగ్నిశిల చక్రం, రెండు టన్నుల దాకా బరువు. మన పాత నూనె గానుగలా గుండ్రటి గుంటలో తిరుగుతూ ఉడికిన పీచును నలుపుతుంది. అవతల రోలర్ మిల్లు ఉంది, గంటల్లో పని ముగిస్తుంది. రాయి నలిపితే పీచు చిరిగిపోదు, రసంతో కలిసి ఊటలోకి దిగుతుంది. ఆ తొట్టి మీద వంగితే వాసన ఇంకో లోకం. బెల్లం ఊట వాసన తెలిసిన ముక్కుకు వేరే చెప్పక్కర్లేదు. పులిశాక రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. మొదట కారేదీ చివర కారేదీ తీసేసి నడిమిది మాత్రం ఉంచుకుంటారు. ఎక్కడ ఆపాలో ముక్కే చెప్పాలి. మంచి ఇళ్లలో ఇప్పటికీ అదే పద్ధతి.

అరాందాస్ దగ్గర లా ఆల్తేన్యా బట్టీని 1937లో దోన్ ఫెలిపె కమరేనా పెట్టారు. ఆయన మనవడు కార్లోస్ కమరేనా పేరు వింటే నేను చేతిలో పని ఆపేస్తాను. అక్కడ కాచే ఎల్ తెసోరో బ్లాంకోలో, అంటే పీపాలో పెట్టని టెకీలాలో, ఆయన చేసింది చూడండి. చాలామంది ఘాటుగా కాచి, తర్వాత నీళ్లు కలిపి 40 శాతానికి దించుతారు. ఎల్ తెసోరోను మాత్రం బట్టీలోంచే 40 దగ్గర దించుతారు. బొట్టు నీళ్లు కలపరు. ఎక్కడ ఆపాలో వెంట్రుకవాసి తప్పినా సరిదిద్దుకునే దారి లేని పని అది. ఓచో అని ఇంకోటి తీశారు, తోమాస్ ఎస్తెస్ అనే టెకీలా ప్రియుడితో కలిసి. ఒక్కో సీసా ఒక్కో చేను, చేను పేరూ సంవత్సరమూ ముద్రించి ఉంటాయి. పక్కపక్క చేలవి పోసుకుంటే ఒకదాంట్లో మిరియం, ఇంకోదాంట్లో పండుతీపి. మట్టి మాట్లాడుతుందని కవులు అంటే నమ్మని నేను దీన్ని తాగి నోరు మూసుకున్నాను. గబ్బిలాల సంగతి కూడా చెప్పాలి. అగావే పూలకు పరాగం చేర్చేవి గబ్బిలాలే. వ్యాపారం కోసం పిలకలే నాటుతూ పోవడంతో చేలన్నీ ఒకే మొక్కకు నకళ్లయిపోయాయి, తెగులొస్తే అన్నీ పోతాయి. అందుకే కొన్ని మొక్కలను పూతకు వదిలేయాలన్న ఉద్యమంలో కార్లోస్ ముందు నిలబడ్డారు. పూతకు వదలడమంటే అన్నేళ్ల పెట్టుబడిని గబ్బిలానికి రాసిచ్చినట్టే.

కార్లోస్ సోదరుడు ఫెలిపె ఇంజనీరు. ఎల్ పాందీయో బట్టీలో పాత ఇనుప సామాను కలిపి తానే యంత్రపు తహోనా తయారుచేసుకుని దానికి ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరు పెట్టుకున్నాడు. వాననీరు పట్టి టెకీలాకు వాడతాడు. అతని జీ4 బ్లాంకో శుభ్రతకు పెట్టింది పేరు. అటు టెకీలా ఊళ్లో గీయెర్మో ఎరిక్సన్ సౌసా కథ ఇంకోరకం. తాత సౌసా వ్యాపారాన్నే అమ్మేశాడు. మనవడు మూలపడ్డ చిన్న బట్టీని తిరిగి లేపి, అదే రాయి, అవే రాగి పాత్రలతో 2005లో ఫోర్తలేసా బయటపెట్టాడు. పెద్ద పేరు పోయినా పనితనం ఇంట్లోనే మిగిలింది.

రుచి చూసే పద్ధతి చెప్తాను. ఉప్పు నాకి, ఒక్క గుక్కలో దించి, నిమ్మ చెక్క కొరకడం చెడ్డ టెకీలాను భరించడానికి పుట్టిన ఉపాయం. మంచిదాని ముందు ఆ పని చేస్తే పక్కనుంచి లేచిపోతాను. సన్నటి పొడుగు గ్లాసులో కొంచెం పొయ్యండి. ఐసు వద్దు. నోరు కాస్త తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. మొదటి చుక్క నోరు అలవాటు పడటానికే, లెక్కలోకి తీసుకోవద్దు. రెండోది నాలుక మీద కాసేపు నిలిపి మింగి, ముక్కుతో ఊపిరి వదలండి. మధ్యలో మామూలు నీళ్లు.

ముందు బ్లాంకో. పీపా చూడనిది, చూసినా రెండు నెలలు నిండనిది. బ్లాంకోలో దాక్కోవడానికి చోటు లేదు. ఉడికిన అగావే వాసన మొదట రావాలి. ఉడకబెట్టిన చిలగడదుంపకు దగ్గరగా ఉంటుంది. ఆ వెనక మిరియం, నిమ్మతొక్క, పచ్చి ఆకు. లోస్ ఆల్తోస్ ఎర్రనేలల మెరక ప్రాంతం. అక్కడివి కాస్త తీపి, పూల వాసన, పండు. టెకీలా లోయవి మట్టి, మూలిక, మిరియపు ఘాటు. ఈ గీత అందరికీ వర్తించదు. ఇప్పుడు దుంపలు లారీలెక్కి అటూ ఇటూ పోతున్నాయి. అయినా మెరకమీది ఎల్ తెసోరో పక్కన లోయలోని ఫోర్తలేసా పెట్టుకుంటే తేడా కొత్తవాళ్లకూ తెలుస్తుంది. నన్నడిగితే మెరక. ఎర్రనేల చూసి పెరిగినవాడి పక్షపాతం అనుకోండి.

తర్వాత అదే ఇంటి రెపొసాడో. ఓక్ పీపాలో కనీసం 2 నెలలు. తర్వాత అన్యేహో, 600 లీటర్లు దాటని పీపాలో కనీసం ఏడాది. 3 ఏళ్లు దాటితే ఎక్స్‌ట్రా అన్యేహో, ఈ తరగతి 2006లో వచ్చింది. ఒకే ఇంటివి వరసగా తాగితేనే పీపా ఏం ఇచ్చిందో, ఏం లాగేసుకుందో తెలుస్తుంది. మంచి రెపొసాడోలో మొక్కా కొయ్యా చెరిసగం మాట్లాడతాయి. అన్యేహోలో వనిల్లా, దాల్చినచెక్క ముందుకొస్తాయి. ఎక్స్‌ట్రా అన్యేహోలో చాలాసార్లు మొక్క మాయం, మిగిలేది ఖరీదైన బ్రాందీ. బహుమతి ఇవ్వడానికి బాగుంటుంది.

సీసా కొనేముందు చీటీ చదవండి. '100 శాతం అగావే' అన్న మాట లేకపోతే కింద పెట్టేయండి. ఉత్త 'టెకీలా' అని ఉంటే చట్టప్రకారం చక్కెరలో 49 శాతం దాకా చెరకుదో మరొకటో కావచ్చు. దాని నెత్తిన బంగారు రంగు పూసి ప్రపంచమంతా దశాబ్దాలు అమ్మారు. టెకీలా అంటే తలనొప్పి అన్న అపకీర్తి దానివల్లే వచ్చింది.

అసలు ద్రోహం మాత్రం 100 శాతం సీసాల్లోనే జరుగుతోంది. డిఫ్యూజర్ అనే యంత్రం పచ్చి దుంపను తురిమి, వేడినీళ్లతో కడిగి చక్కెర సరుకంతా లాగేస్తుంది. ఉడకబెట్టేది ఆ తర్వాత, రసాన్ని మాత్రమే. చుక్క వృథా కాదు, రుచీ మిగలదు. పోయిన రుచిని తిరిగి పొయ్యడానికి గ్లిజరిన్, కారమెల్, ఓక్ సారం, తీపి పాకం. బరువులో 1 శాతం దాకా ఇవి కలిపినా చట్టం ఊరుకుంటుంది, కొన్ని రకాల చీటీ మీద చెప్పనూ అక్కర్లేదు. ఏమీ కలపని ఇళ్ల జాబితాను టెకీలా మ్యాచ్‌మేకర్ అనే బృందం ప్రకటిస్తే, మెక్సికోలోని టెకీలా నియంత్రణ మండలి కలిపేవాళ్లను వదిలి ఆ బృందం మీదికి లేచింది. దొంగను పట్టించినవాడికే శిక్ష! క్రిస్తలీనో అని కొత్త ఫ్యాషన్ ఇంకోటి. పీపాలో నానిన టెకీలాను బొగ్గుతో వడగట్టి మళ్లీ తెల్లగా చేస్తారు. ఏడాది పెట్టి తెచ్చిన రంగును ఒక్క పూటలో కడిగేసి ఎక్కువ ధర అడగడం చూస్తే కడుపు మండుతుంది. సినిమా తారల సీసాల సంగతి సరేసరి. జార్జి క్లూనీ వాళ్ల కాసామిగోస్‌ను 2017లో మద్యం కంపెనీ డియాజియో వంద కోట్ల డాలర్ల దాకా ఇచ్చి కొనడానికి ఒప్పుకుంది. అప్పటినుంచి ప్రతి తారకూ ఒక టెకీలా. దుంప కోసిన హిమదోర్ పేరు మాత్రం సీసా మీద కనపడటం అరుదు.

వాళ్లను తిట్టే అర్హత మనకుందా అంటే, ఉంది, మనం అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నాం కాబట్టి. మన బ్రాందీ షాపులో విస్కీ, బ్రాందీ, రమ్ము అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన వాసనలేని స్పిరిట్టు. రంగూ ఎసెన్సూ మారితే పేరు మారుతుంది. 2024 అక్టోబరులో ఆంధ్రలో ప్రైవేటు షాపులు తిరిగొచ్చినప్పుడు 99 రూపాయల క్వార్టర్ పెద్ద వార్త అయింది. ధర గురించి జరిగిన గోలలో లోపల ఏముందని అడిగినవాడు లేడు. సారా మీద 1992లో దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డ రాష్ట్రం ఇది. వాళ్లు తిరగబడ్డది కాపురాలు కూల్చిన సారా మీద, ఆ కోపం న్యాయం. దాంతోపాటు మద్యం గురించి మాట్లాడటమే తప్పన్న అలవాటు వచ్చిపడింది. ఆ మౌనం కల్తీవాడికి బాగా కలిసొచ్చింది.

ఇంతకీ మన గట్లమీది మొక్కను గుర్తించినవాడు లేకపోలేదు. ఐఐటీ మద్రాసులో చదివి, సాఫ్ట్‌వేరూ సినిమాలూ చూసొచ్చిన డెస్మండ్ నజరెత్ దక్కన్ పీఠభూమిలో పెరిగే అగావే అమెరికానాను పట్టుకుని చిత్తూరు జిల్లాలో చిన్న బట్టీ పెట్టారు. 2011లో 'డెస్మండ్‌జీ' పేరుతో అగావే మద్యం బయటికి వచ్చింది. టెకీలా అనకూడదు, అననూ లేదు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మనకు ఆ మర్యాద తెలిసుండాలి. విచిత్రమేమంటే ఆంధ్రా గడ్డమీద కాచిన ఈ మద్యం మొదట అమ్ముడుపోయింది గోవాలో. తర్వాత పిస్తోలా అనే ఇంకో మద్యం వచ్చింది, అదీ దక్కన్ అగావేతోనే, పీపాలో పెట్టి మరీ. ఒక మంచి మెరక బ్లాంకో పక్కన డెస్మండ్‌జీ 100 శాతం అగావే పెట్టుకుని చూడండి. మనది మొరటుగా ఉంటుంది. తీపి తక్కువ, పచ్చి ఆకు ఘాటు ఎక్కువ, చివర చిరుచేదు. మొక్క వేరు, నేల వేరు, అట్లాగే ఉండాలి. నకలు కాకపోవడమే దాని గౌరవం.

నా విన్నపం ఎక్సైజు వాళ్లకు ఒకటి, కాచేవాళ్లకు ఒకటి. స్పిరిట్టు ఫ్యాక్టరీకీ ఇట్లాంటి చిన్న బట్టీకీ ఒకే కొలబద్ద పెట్టి చంపకండి, ఇక్కడ కాచింది ముందు ఇక్కడ దొరకనివ్వండి. కాచేవాళ్లు 'దక్కన్ అగావే' అని రాసి ఊరుకోవద్దు. దక్కన్ అంటే ఎంత దూరం? ఏ ఊరి గట్టు మీది మొక్కో, ఏ ఏడు కోసిందో, ఎట్లా ఉడికించారో సీసా మీద రాయాలి. ఓచో వాళ్లు చేను పేరుతో సహా రాస్తున్నారు.