కవాటం కుట్టే చేతులు

2002 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లోని రువాన్‌లో డాక్టర్ అలాన్ క్రిబియే, ఛాతీ కోయకుండా రక్తనాళం గుండానే ఒక రోగి గుండెలో కొత్త బృహద్ధమని కవాటం అమర్చారు. ఆయన పేరు వైద్యలోకమంతటికీ తెలుసు. కవాటాన్ని కుట్టేవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. నాకు వాళ్లమీదే గౌరవం ఎక్కువ. ఆవు గుండెను చుట్టి ఉండే పల్చటి పొరను మూడు రేకులుగా కత్తిరించి, మైక్రోస్కోప్ కింద, సన్నని దారంతో లోహపు చట్రానికి చేత్తోనే కుడతారు. ఎంత ఓపిక కావాలి! ఒక కుట్టు వదులైనా నెత్తురు వెనక్కి కారవచ్చు. అలా కుట్టిందాన్ని పెన్సిలంత లావుకు నొక్కి, బెలూన్ మీద బిగించి, ఇప్పుడైతే ఎక్కువగా తొడ దగ్గరి ధమనిలోంచి పైకి పంపుతారు. అక్కడ విచ్చుకున్నాక ఆ రేకులు రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకోవాలి. పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేని ముసలివాళ్లు కొద్ది రోజుల్లోనే ఇంటికి నడిచి వెళ్తున్నారంటే, డాక్టరు చేతితోపాటు ఈ సూదిపనీ కారణం.