రాక్ గిటారులో అగ్రతాంబూలము ఎవరికి?

రాక్ సంగీతాభిమానులు నలుగురు కూడినచోట జిమీ హెండ్రిక్స్ గొప్పవాడా, ఎరిక్ క్లాప్టన్ గొప్పవాడా, జిమ్మీ పేజ్ గొప్పవాడా, జెఫ్ బెక్ గొప్పవాడా అను వివాదము పుట్టక మానదు. పుట్టినది తెల్లవారువరకు తెగదు. కళలో పోటీ యేమని పెదవి విరుచు పెద్దలు కొందరు కలరు. వారితో నేను ఏకీభవింపజాలను. తారతమ్యము నెరుగుటయే రసజ్ఞతకు ప్రథమ సోపానము. ఒకని స్వరము మరియొకని స్వరముకంటె హృదయమునకు ఏల హత్తుకొన్నదో విచారింపనివాడు ఇద్దరినిగూడ సరిగా విననివాడే. అయితే తూచు త్రాసు సరియైనదిగా నుండవలెను. నా త్రాసు ఒక్కటే: ప్రాణములేని ఉక్కుతీగచేత మనుష్యకంఠమువలె పలికింపగలిగినవాడెవడు? ఆ త్రాసున తూచినచో అగ్రతాంబూలము జెఫ్ బెక్కునకే చెందవలెనని నా దృఢవిశ్వాసము.

వాద్యమును గూర్చి రెండు మాటలు చాలును. 1952లో గిబ్సన్ వారి లెస్ పాల్, 1954లో ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ అను విద్యుత్ గిటార్లు వెలువడినవి. తీగల క్రింద నమర్చిన, తీగచుట్టలు గల అయస్కాంతములు వాని కంపనమును విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయరునకు అందించును. ఏ కొయ్య ఏ నాదమిచ్చునో చేసినవారికే తెలియునందురు. కాని మహిమ యంతయు చేతిలో నున్నది. మన వైణికులు మెట్టుపై తీగను ప్రక్కకు లాగి గమకమును పలికించునట్లే, గిటారు విద్వాంసుడును ఉంగరపువ్రేలితో తీగను నెట్టి, తక్కిన వ్రేళ్లను దానికి ఆసరాగా జేర్చి, మీటిన స్వరమును పైస్వరమువరకు సాగదీయును. రవంత తక్కువైనను అపశ్రుతియే, రవంత ఎక్కువైనను అపశ్రుతియే. సాగిన స్వరమును అచ్చట నిలిపి కంపింపజేయుటలో వాని వ్యక్తిత్వమంతయు బయటపడును. ఈమని శంకరశాస్త్రిగారి వీణయో, చిట్టిబాబుగారి వీణయో విన్న తెలుగు చెవికి ఈ మర్మమును వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. ఈ విద్యలో గురుస్థానము అమెరికాలోని నల్లజాతి బ్లూస్ విద్వాంసులది, అందు బి.బి. కింగ్ మీటిన ఒక్క స్వరమును విన్నంతనే ఆయన పేరు చెప్పవచ్చును.

ఆ గురువుల పాదములకడ దూరమునుండియే విద్య నభ్యసించి, దానిని ఇంగ్లండున ప్రతిష్ఠించినవాడు క్లాప్టన్. 1966లో జాన్ మేయాల్ బృందముతో గావించిన ఆల్బములో లెస్ పాల్ గిటారును మార్షల్ యాంప్లిఫయరునకు జోడించి అతడు రాబట్టిన ఆ నిండైన నాదము ప్రసిద్ధము. ఆ కాలముననే క్లాప్టన్ దేవుడని లండను గోడలపై వ్రాసిరి. త్వరపడక, పొల్లుమాట యనునది లేక, చెప్పవలసినదానిని చెప్పి ఊరకుండు సంయమము అతని సొత్తు. అంతకుముందు తానున్న యార్డ్‌బర్డ్స్ బృందమును 1965లో అతడు విడిచిపోగా ఆ స్థానమునకు బెక్ వచ్చినాడు; మరుసటి యేడు పేజ్ గూడ చేరినాడు. లండను చెంతనున్న సర్రే సీమలో పెరిగిన ముగ్గురు మహాగిటారిస్టులు ఒక్క బృందమునుండియే వెలువడుట విశేషము. బెక్ కానుకగా నిచ్చిన టెలికాస్టర్ గిటారుతోనే పేజ్ లెడ్ జెప్పెలిన్ బృందపు తొలి ఆల్బమును, 1971 నాటి ‘స్టెయిర్‌వే టు హెవెన్’ సోలోను వాయించినాడు. గిటారుపై గిటారు పేర్చి నాదసౌధము నిర్మించుటలో పేజునకు సాటి లేడు. కాని వేదికపై ఆ హస్తము తడబడిన సందర్భములు కలవని అతని భక్తులుగూడ ఒప్పుకొనక తప్పదు.

హెండ్రిక్స్ మాట వేరు. 1966 అక్టోబరు 1న లండనులోని ఒక పాలిటెక్నిక్ వేదికపై, క్లాప్టన్ వాయించుచున్న క్రీమ్ బృందముతో కలసి వాయించుటకు అనుమతి వేడి, ‘కిల్లింగ్ ఫ్లోర్’ అను పాటను ఆ అజ్ఞాత యువకుడు అందుకొన్నంతనే, లండను దేవుడనిపించుకొన్న క్లాప్టన్ నడుమనే వాయించుట మాని వేదిక దిగిపోయెను! కుడిచేతివాటపు గిటారును తలక్రిందులు చేసి, తీగలు మార్చుకొని, బొటనవ్రేలిని దండిమీదుగా చాచి మంద్రతంత్రిని నొక్కుచు, తక్కిన వ్రేళ్లతో రాగము నల్లుచు, ఇతరులు దోషమని పరిహరించు ఫీడ్‌బ్యాక్ రొదనే స్వరముగా లొంగదీసినాడు. 1969 ఆగస్టు 18న వుడ్‌స్టాక్ సంగీతోత్సవములో అమెరికా జాతీయగీతమును వాయించుచు, వియత్నాం యుద్ధకాలమున తన దేశపు అంతరంగములోని బాంబుల మ్రోతను, ఆక్రందనమును ఆ తీగలపై వినిపించినాడు. ఇరువదియేడేండ్లకే, 1970లో కన్నుమూసినాడు. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లోను, 2023లోను అతనినే ప్రథమునిగా నెన్నినది. అతడు ద్రష్ట, కాదనువాడు మూర్ఖుడు. కాని చూచినదానిని సూక్ష్మాతిసూక్ష్మముగా చెక్కుటకు విధి అతనికి వ్యవధి నీయలేదు. ఆ పని బెక్ చేసినాడు.

1975లో, బీటిల్స్ పాటలను తీర్చిదిద్దిన జార్జ్ మార్టిన్ పర్యవేక్షణలో బెక్ ‘బ్లో బై బ్లో’ ఆల్బమును వెలువరించెను. అందు స్టీవీ వండర్ కూర్చిన ప్రణయవిరహ గీతమొకటి కలదు. మాట యొక్కటియు లేకున్నను గిటారే కన్నీరు నింపుకొని పాడుచున్నట్లుండును. 1980 దశకమునుండి అతడు తీగలు మీటు పిక్కును విడిచి వట్టి వ్రేళ్లతో వాయింప నారంభించెను. బొటనవ్రేలు, చూపుడువ్రేలు తీగలను మీటుచుండగా, అదే చేతి చిటికెనవ్రేలు వాల్యూమ్ మరను త్రిప్పుచుండును. అరచేయి శ్రుతిని హెచ్చించి తగ్గించు ట్రెమొలో కడ్డీని అదుముచు, సడలించుచు నుండును. 1989 నాటి ‘వేర్ వర్ యు’ వినుడు. మీటిన చప్పుడు వినరాకుండ ముందు వాల్యూమును తగ్గించి, మీటి, పిదప నెమ్మదిగా పెంచును. స్వరమెక్కడ మొదలైనదో తెలియదు. ఆ స్వరమైనను మెట్టుపై నొక్కి పుట్టించినది కాదు, తీగను తాకీ తాకనట్లు తాకి రాబట్టిన హార్మోనిక్. దానిని కడ్డీతో వంచి, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జార్చుచు గీతమంతయు నడపినాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినను పాట చెడును, చెడలేదు.

భారతీయ గాత్రధర్మము అతనికి పరాయిది కాదు. 1965లోనే యార్డ్‌బర్డ్స్ వారి ‘హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్’ పాట కొరకు పిలిపించిన సితారు నాదము చాలకపోగా, ఆ భాగమును బెక్ గిటారుపైననే పలికించినాడు. నితిన్ సాహ్నీ స్వరపరుపగా స్వాతీ నాటేకర్ ఆలపించిన ‘నాదియా’ను 2001లో వాయించినప్పుడు, ఆమె కంఠములోని ప్రతి జారును, ప్రతి అనుస్వరమును తీగపైకి దింపినాడు. మన పాలకొల్లు బిడ్డడు శ్రీనివాస్ విద్యుత్ మాండలినుపై గమకములు పలికించి, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ సరసన కూర్చుండి ప్రపంచమును మెప్పించిన రహస్యమును ఇదియే: వాద్యము పాడవలెను.

ఈ రహస్యమును నేడు మంట గలుపుచున్నారు! 1978లో ఎడ్డీ వాన్ హేలెన్, రెండు నిమిషములైన నిండని ‘ఇరప్షన్’లో, కుడిచేతి వ్రేళ్లతో గూడ మెట్లపై తట్టుచు స్వరవర్షము కురిపించెను. అది సృష్టి. దానిని పట్టుకొని వేగమే విద్యయని భ్రమించినవారిది వట్టి వ్యాయామము. స్వరములను క్షణముల లెక్కన కొలుతురు. జారిన శ్రుతిని, తప్పిన లయను కంప్యూటరుచేత దిద్దింతురు. తునుకలు తునుకలుగా వాయించి అతికినదానిని ఏకబిగిని వాయించినట్లు చూపి చప్పట్లు కొట్టించుకొందురు. ఒక్క స్వరమును నిలిపి, సాగదీసి, దానిచేత పలికింపుమన్నచో చేయి వణకువారు బెక్కును మించితిమని చెప్పుకొనుచుండగా విని సహించుట యెట్లు? అరువదియేండ్లు సాధన విడువని ఆ మహనీయుడు 2023 జనవరి 10న పరమపదించినాడు. అతని విద్యకు వారసులు కరవగుచున్నారు.

గిటారు చేతబట్టిన యువకులారా, నూరు స్వరములకు ముందు ఒక్క స్వరము నేర్వుడు. వాదప్రియులారా, నిస్సంకోచముగా వాదింపుడు. కాని జాబితాలు చూచి కాదు, చెవులతో విని వాదింపుడు. వుడ్‌స్టాక్ గీతమును, ‘వేర్ వర్ యు’ను పూర్తిగా విని, హెండ్రిక్సే అధికుడని మీరనినచో మీతో నాకు జగడము లేదు. వేగమును లెక్కించి తీర్పు చెప్పువారితో మాత్రము నాకు రాజీ లేదు.