రెండు జతల తీగల పనితనం

వాతావరణ కేంద్రం పొలం నడుమ ఉంటుంది, కంప్యూటరేమో దూరాన గదిలో. గాలి, వాన, ఎండ లెక్కలను డేటాలాగర్ దాచుకుంటుంది. వాటిని గదికి చేర్చేది కేబుల్ కలిపే టెక్నీషియన్. ఆ చేతులంటే నాకు గొప్ప గౌరవం.

ఈ కలపడంలో తరచు వాడే, 1960లో వచ్చిన ఆర్‌ఎస్‌-232 అనే డేటా పంపే పద్ధతి చూడటానికి చిన్నదే. తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో తరచు 2, 3, 5 చాలు: ఒకటి వినడానికి, ఒకటి చెప్పడానికి, ఒకటి గ్రౌండుకు. రెండు వైపులా ఒకే రకం పరికరాలుంటే మాత్రం 2, 3 తీగలను తారుమారు చేసి కలపాలి. లేదంటే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, వినేవాళ్లుండరు. బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం, రెండు వైపులా కుదరకపోతే తెర మీద అర్థంలేని అక్షరాలే. అనుభవజ్ఞుడు వాటిని చూసి వేగం తప్పిందని పసిగట్టడం ఎంత ముచ్చటగా ఉంటుందో!

ఈ కేబుల్‌ను పదిహేను మీటర్లు దాటితే అంతగా నమ్మరు. అప్పుడు డేటాను ఇంకా దూరం మోసే షార్ట్ హాల్ మోడెములు ఇటొకటి, అటొకటి పెడతారు. మధ్యన మెలితిప్పిన రెండు జతల తీగలు: ఒక జత పోవడానికి, ఒక జత రావడానికి. వేగం తగ్గించుకుంటే కిలోమీటర్ల దూరమైనా డేటా చేరుతుంది.

మంచి పనివాడు పిడుగుల సంగతి ముందే తలచి, రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టి ఎర్తింగ్ చేస్తాడు. ఏ రంగు తీగ ఎక్కడికో కాగితం మీద రాసి పరికరాల డబ్బా మూత లోపల అతికిస్తాడు. ఆ కాగితం ఉంటే తర్వాత వచ్చినవాడికి రిపేరు కాసేపటి పని. లేకపోతే పూటంతా పడుతుంది.