నూతి పక్కన పేరు తెలియని పొద

మేం తెనాలిలో ఈ పాత ఇల్లు కొన్నది మాఘమాసంలో. పెరట్లో నూతి పక్కన, ప్రహరీగోడ మీదికి ఒరిగిపోయి ఒక పొద ఉండేది. మనిషికి రెండింతల ఎత్తు. సగం ఆకు రాలిపోయింది. సన్నటి కొమ్మలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడ్డాయి, కొనలన్నీ ముళ్లే. దండెం మీద ఆరేసిన రెండు చీరలు దానికి తగులుకుని చిరిగాయి.

పెరడు బాగుచెయ్యడానికి వచ్చినతను చూడగానే తేల్చేశాడు. "దానిమ్మండీ ఇది. గొడ్డుబోయింది, ఇంక కాయదు. మొదలంటా కొట్టేద్దాం అమ్మగారూ." ముందు కలుపు తియ్యమని, దీని సంగతి తర్వాత చూద్దామని చెప్పాను. పేరు తెలియని మొక్కని నరకడానికి నాకు మనసొప్పదు.

తెలియని మొక్క ఎదురైతే నేను ముందు ఒక ఆకు తుంచుతాను. పాలు కారితే జాగ్రత్తపడతాను. పచ్చగన్నేరులాంటి విషపు మొక్కలు ఆ కోవలోవే. దీనికి పాలు లేవు. నలిపితే వావిలికో తులసికో ఉన్నట్టు ఘాటైన వాసనా లేదు. రుచి చూడటం మాత్రం దయచేసి ఎవరూ చెయ్యకండి. ఆ తర్వాత కణుపు చూడాలి. కణుపుకొక ఆకు చొప్పున అటొకటి ఇటొకటి వస్తున్నాయా, జంటగా ఎదురెదురుగా వస్తున్నాయా అన్నది తేలితే చాలా పేర్లు పక్కకి తప్పుకుంటాయి. దీనివి జంట ఆకులు. చిన్నవి, కొనదేలినవి, అంచుకి నొక్కుల్లేనివి. లేత రెమ్మని వేళ్లమధ్య దొర్లిస్తే నాలుగు పలకలు తగిలాయి.

దానిమ్మకీ జంట ఆకులే. దాని కొమ్మల కొనలూ ముళ్లవుతాయి. కాబట్టి అతని మాటలో అర్థం ఉంది. ఫోన్‌లో ఫోటో తీసి వెతికితే అదీ దానిమ్మే అంది. కానీ పైన ఎండిన గుత్తుల్లో మిగిలిన కాయలు చూశాక దానిమ్మ అనడానికి వీల్లేకపోయింది. బఠాణీ గింజంత గుండ్రటి కాయలు, కొసన సూదిలాంటి మొన. చిదిమితే ఆవాలకన్నా కాస్త పెద్దవి, పలకలు తేలిన గింజలు బోలెడు రాలాయి. అప్పుడే నాకు ఒక పేరు తట్టింది. అయితే చిన్నప్పటినుంచీ నేనెరిగిన ఆ మొక్కకి ముళ్లుండేవి కావు. మొక్క తన గుర్తులన్నీ ఒకే ఋతువులో చూపించదు కనుక వానలదాకా ఆగాను.

తొలకరి పడ్డాక కొత్త చిగుళ్లు వచ్చాయి. జ్యేష్ఠం చివర్లో ఒక సాయంత్రం నూతి దగ్గరికి వెళ్తే పెరడంతా పరిమళం. మీగడరంగు పూలగుత్తులు, ఒక్కో చిన్న పువ్వుకి నాలుగు ముడతల రేకులు, ఎనిమిది కేసరాలు. గోరింట! అప్పటికీ గుప్పెడు ఆకు కోసి, కాస్త చింతపండు వేసి రోట్లో నూరి, చూపుడువేలికి పెట్టుకున్నాను. రెండు గంటలాగి కడిగితే నారింజరంగు, మర్నాటికి చక్కటి ఎరుపు. ఆకులోని లాసోన్ అనే పదార్థం చర్మంలో, గోటిలో ఉండే కెరాటిన్‌ని పట్టేసుకుంటుంది. గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. దీన్ని మించిన రుజువు ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

మరి ముళ్ల సంగతేమిటి? 1753లో లిన్నేయస్ మొక్కలకి పేర్లు పెడుతూ గోరింటని రెండు జాతులుగా రాశాడు. ముళ్లు లేనిది లాసోనియా ఇనెర్మిస్, ముళ్లున్నది లాసోనియా స్పైనోసా. రెండూ ఒకటేనని, వయసు ముదిరిన గోరింటకి ముళ్లొస్తాయని తర్వాతివాళ్లు తేల్చారు. దానిమ్మతో పోలిక కూడా ఊరికే వచ్చింది కాదు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు రెంటినీ ఒకే కుటుంబంలో చేర్చారు.

శాస్త్రజ్ఞుల మాట పక్కింటి మామ్మగారు ఇంకా సూటిగా చెప్పారు. "ఆకు కోసేవాళ్లు లేక అట్లా రాటుదేలింది అమ్మాయ్. ఈ ఇంట్లో ఆడపిల్లలున్నప్పుడు దాన్ని నడుమెత్తు దాటనిచ్చేవాళ్లా? ఆషాఢం వస్తే వీధి వీధంతా ఇక్కడే ఉండేది."

ఆ మాటతో నా నిర్ణయం అయిపోయింది. అది లాంటానా అయ్యుంటే వేళ్లతో సహా తీయించేదాన్ని. బ్రిటిష్‌వాళ్ల కాలంలో తోటల అందానికి వచ్చిన ఆ మొక్క మన అడవుల్ని ఎంత కమ్మేసిందో, మేసిన పశువుల్ని ఎంత బాధపెడుతుందో తెలిసి ఉంచుకోవడం తప్పు. పిల్లలు తిరిగే ఇంట్లో పచ్చగన్నేరునీ ఉంచను. గోరింట అట్లా కాదు. కోసేకొద్దీ బాగుపడే మొక్క అది. రాజస్థాన్‌లోని సోజత్‌లో రైతులు దాన్ని పొలాల్లో వేసి ఏటా మొదలుదాకా కోస్తారు, మళ్లీ చిగురిస్తుంది. ఆ ఊరి గోరింటకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇటు మన బజార్లో నిమిషాల్లో నల్లగా పండే కోన్లు దొరుకుతున్నాయి. ఆ నలుపు కోసం కలిపే జుట్టురంగు రసాయనంతో చేతులు బొబ్బలెక్కినవాళ్లున్నారు. పెరట్లో మొక్క ఉండగా మన పిల్లలకి ఆ కర్మేమిటి?

ఆషాఢమంతా అందిన ఆకు కోశాం. శ్రావణంలో పాతతన్నే పిలిచి, ఎండుకొమ్మలు తీయించి, మిగతాది నడుమెత్తుకి కొట్టించాను. పక్కరెమ్మలు దట్టంగా వచ్చాయి. మొన్న అట్లతద్ది ముందురోజు వీధిలో ఆడపిల్లలు వచ్చి, కావలసినంత ఆకు కోసుకెళ్లారు. ఒక్క చేతికీ ముల్లు గుచ్చుకోలేదు.