దొరికిన టేపులు, వినే చెవులు

జాజ్ సంగీతమంటే చెవి కోసుకొనేవాళ్ళు నలుగురు ఒకచోట కలిస్తే మాటలు రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఈ మధ్య ఏం వింటున్నారు? రాబోయే రికార్డులేమిటి? మొదటి ప్రశ్న ఐదు నిమిషాల్లో ముగుస్తుంది. రెండవదానికి అంతుండదు. ఫలానావారి ఇంట్లో ఫలానా సంవత్సరపు టేపు దొరికిందట, ఫలానా నెలలో వస్తుందట, ఎన్ని ప్రతులు వేస్తారో ఏమో! మన తెలుగు కుటుంబాల్లో కూడా ఈ అభిరుచి ఉన్నవారు ఉన్నారు. అందుచేత ఈ ఎదురుచూపు మన వినికిడిని ఏం చేస్తున్నదో కాస్త విచారించడం అవసరమనిపించింది.

విచిత్రమేమంటే, మనం ఎదురుచూసే కొత్త రికార్డుల్లో చాలా భాగం కీర్తిశేషులవి. జాన్ కోల్ట్రేన్ 1967 జూలైలో, నలభై ఏళ్ళకే చనిపోయాడు. ఆయన పేరుమీద 2018, 2019, 2021, 2023 సంవత్సరాల్లో కొత్త రికార్డులు వెలువడ్డాయి. అంతకు చాలా ముందు, 1957 నవంబరు 29న, థెలోనియస్ మంక్‌తో కలిసి ఆయన కార్నెగీ హాలులో చేసిన కచేరీని వాయిస్ ఆఫ్ అమెరికా వారు టేపు చేశారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న ఆ టేపు 2005లో గాని ఎవరి కంటా పడలేదు. ఇక 2008 నుంచి ఏటా "రికార్డ్ స్టోర్ డే" అని ఒక రోజు పెట్టారు. మామూలుగా అది ఏప్రిల్‌లో ఒక శనివారం. ఇలాంటి టేపుల రికార్డులు పరిమితమైన ప్రతులతో ఆ రోజున అమ్మకానికి వస్తాయి. దుకాణం తెరవకముందే వరుసలు కట్టేవారున్నారు.

ఇందులో తప్పేముంది అని అడగవచ్చు. జాజ్‌లో పాత టేపుకు ఎంత విలువ ఉన్నదో కర్ణాటక సంగీతం వినేవారికి ఒకరు చెప్పనక్కరలేదు. రెండూ మనోధర్మం మీద నడిచే సంగీతాలే. ఒక విద్వాంసుడు నిన్న పాడిన తోడి, నేడు పాడిన తోడి ఒకటి కావు. అందుకే మనవాళ్ళు రేడియో కచేరీలకూ, పెళ్ళి కచేరీలకూ టేపుల నకళ్ళు తీసుకొని ఒకరికొకరు ఇచ్చుకొన్నారు. ఐతే టేపు దొరకడం వేరు, దానివల్ల మన వినికిడికి లాభం కలగడం వేరు. ఇలా దొరికిన ప్రతి రికార్డునూ రెండు ప్రశ్నలు అడగాలని నా అభిప్రాయం. కళాకారుడు తాను బ్రతికి ఉండగా ఎంచి బయటపెట్టిన సంగీతాన్ని మనం వినే తీరును ఇది మారుస్తుందా? ఇది ఎవరి తీర్పు మీద బయటకు వచ్చింది?

మొదటి ప్రశ్నకు గట్టిగా ఔనని చెప్పే రికార్డు "ఎ లవ్ సుప్రీమ్: లైవ్ ఇన్ సియాటిల్". దీనికి మూలమైన "ఎ లవ్ సుప్రీమ్" 1964 డిసెంబరు 9న న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో తయారయింది. నాలుగు భాగాలు, ముప్పై మూడు నిమిషాలు. మొదటి భాగంలో జిమ్మీ గారిసన్ బేస్ మీద నాలుగు స్వరాల పదం ఒకటి ఎత్తుకొంటాడు. కోల్ట్రేన్ దాన్ని సాక్సోఫోన్ మీద పన్నెండు శ్రుతుల్లోనూ తిప్పుతాడు. మన సంగీతంలో ఆధార శ్రుతి కదలదు, దానిమీద రాగం విస్తరిస్తుంది. ఇక్కడ పదం నిలబడి ఉంటుంది, శ్రుతి తిరుగుతుంది. చివరి భాగంలో తాను వ్రాసిన ప్రార్థనను మాట తరువాత మాటగా వాద్యం మీద పలికిస్తాడు. సాహిత్యం మనసులో పెట్టుకొని కీర్తన వాయించే నాదస్వర విద్వాంసులను విన్నవారికి ఇది కొత్త పద్ధతి కాదు.

పది నెలల తరువాత, 1965 అక్టోబరు 2న, సియాటిల్‌లోని పెంట్‌హౌస్ అనే క్లబ్బులో కోల్ట్రేన్ దీన్నే వాయించాడు. ఆయన మిత్రుడు, తాను కూడా సాక్సోఫోన్ వాద్యకారుడైన జో బ్రెజిల్, దాన్ని టేపు చేసి తనవద్దే ఉంచుకొన్నాడు. అది 2021లో విడుదలయింది. నలుగురి బృందం అక్కడ ఏడుగురయింది. ఫేరో సాండర్స్, కార్లోస్ వార్డ్ మరో రెండు సాక్సోఫోన్లతోను, డొనాల్డ్ గారెట్ రెండో బేస్‌తోను చేరారు. ముప్పై మూడు నిమిషాల సంగీతం డెబ్బై అయిదు నిమిషాలయింది. భాగాలకు నడుమ బేస్‌కూ, డ్రమ్ములకూ మన తని ఆవర్తనంలాగా విడిగా చోటు దొరికింది. స్టూడియోలో ప్రతి స్వరం తూచి పెట్టినట్లుంటుంది. ఇక్కడ కేకలున్నాయి, ఒరిపిడి ఉంది, ఒక్కోచోట గందరగోళమూ ఉంది. పియానో వాయించిన మకాయ్ టైనర్ 1965 ముగిసేసరికి ఈ బృందాన్ని వదిలాడు. అందుకు కారణం ఈ టేపులోనే చెవికి తగులుతుంది, ఆ హోరులో అతని పియానో పలుచోట్ల మునిగిపోతుంది. ఇది విన్నాక మూలం చిన్నబోదు. ఇన్నాళ్ళూ కట్టి ముగించిన కృతి అనుకొన్నది నిజానికి పల్లవి అని, ఎంతదూరమైనా సాగగలదని తెలుస్తుంది.

2023లో వచ్చిన "ఈవెనింగ్స్ ఎట్ ది విలేజ్ గేట్" కూడా ఈ పరీక్షకు నిలుస్తుంది. 1961 ఆగస్టులో రిచ్ ఆల్డర్సన్ అనే ఇంజనీరు న్యూయార్క్‌లోని ఆ క్లబ్బులో కొత్త సౌండ్ సిస్టమ్‌ను పరీక్షించడానికి ఒకే మైకుతో చేసిన టేపు ఇది. తరువాత న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బయటపడింది. రికార్డింగు బాగుండదని ముందే చెప్పాలి. మృదంగం పక్కన కూర్చొని గాత్రం విన్నట్లు, ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు మీదపడతాయి. అయినా ఇందులో బాస్ క్లారినెట్ వాయించిన ఎరిక్ డాల్ఫీ ఉన్నాడు. అదే ఏడు నవంబరులో "డౌన్‌బీట్" పత్రికలో ఒక విమర్శకుడు వీరిద్దరి వాదనాన్ని జాజ్ వ్యతిరేకమని దుయ్యబట్టాడు. డాల్ఫీ 1964లో ముప్పై ఆరేళ్ళకే పోయాడు. ఆ అభియోగం ఎంత నిజమో ఇప్పుడు మన చెవులతో మనమే తేల్చుకోవచ్చు. పెద్ద ఇత్తడి వాద్య బృందంతో స్టూడియోలో చేసిన "ఆఫ్రికా" ఇక్కడ కొద్దిమంది చేతుల్లోనే కొండలాగా లేస్తుంది.

"బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్" విషయంలో నాకంత ఉత్సాహం లేదు. ఇది 1963 మార్చి 6న స్టూడియోలో చేసినది. కోల్ట్రేన్ ఇంటికి తెచ్చుకొన్న నకలు టేపు మొదటి భార్య నైమా కుటుంబంలో ఉండిపోయింది. 2018లో దీన్ని "పోయి దొరికిన ఆల్బమ్" అని ప్రచారం చేశారు. దీన్ని ఆల్బమ్‌గా వెయ్యాలని కోల్ట్రేన్ అనుకొన్నాడని చెప్పడానికి సరైన ఆధారం మనముందు లేదు. పేరు పెట్టింది కంపెనీవారు, వరుస కూర్చింది ఇతరులు. రెండు బాణీలకు పేర్లే లేవు, అంకెలున్నాయి. బృందం మంచి ఊపులో ఉన్న మాట నిజం. కాని పెద్ద ధర సెట్టులో "ఇంప్రెషన్స్" నాలుగుసార్లు వస్తుంది. నాలుగూ వరుసగా వినేది విద్యార్థులు. తక్కినవారు కొని బీరువాలో పెడతారు. ఈ రికార్డు కోల్ట్రేన్ గురించి మనకు తెలిసినదాన్ని బలపరుస్తుందే గాని మార్చదు.

రెండవ ప్రశ్న, తీర్పు ఎవరిదన్నది, ఆలిస్ కోల్ట్రేన్ విషయంలో మరీ సున్నితమైనది. జాన్ భార్య అయిన ఈమె హార్ప్, పియానో వాద్యకారిణి. తరువాత కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపింది. 1982లో "తురీయ సింగ్స్" అని ఒక క్యాసెట్ వేసింది. అందులో సంస్కృత భజనలు ఆమే పాడింది, ఆర్గన్‌తోపాటు తీగ వాద్యాలూ సింథసైజరూ చేర్చింది. 2021లో కుమారుడు రవి కోల్ట్రేన్ అవేమీ లేకుండా గొంతు, ఆర్గన్ మాత్రమే ఉన్న టేపును రికార్డుగా తెచ్చాడు. భజనల మధ్య పెరిగిన మనకు ఈ రెండోదే హాయిగా ఉంటుంది, ఆమె గొంతు పక్కన కూర్చొని పాడినట్లుంటుంది. కాని ఇదే అసలైనదని, క్యాసెట్ కల్తీ అని అనడం న్యాయం కాదు. ఆ తీగలు చేర్చి జనానికి ఇచ్చింది ఆమే. మన రుచికి నచ్చినదాన్ని ఆమె ఉద్దేశమని పిలవకూడదు.

ఈ ఎదురుచూపులో నష్టపోయేవారు ఇప్పుడు వాయిస్తున్నవారు. 2024లో చార్లెస్ లాయిడ్ తన ఎనభై ఆరో పుట్టినరోజుకు "ది స్కై విల్ స్టిల్ బి దేర్ టుమారో" అని రెండు రికార్డుల సెట్టు వేశాడు. మన దేశం నుంచి వలస వచ్చిన కుటుంబంలో అమెరికాలోనే పుట్టిన విజయ్ అయ్యర్ అదే ఏడు "కంపాషన్" తెచ్చాడు. లిండా మే హాన్ ఓ, టైషాన్ సోరీలతో కలిసి చేసిన ఆ రికార్డులో లెక్క తప్పని లయ, దానికింద దుఃఖం రెండూ ఉన్నాయి. వీటిమీద జరిగిన చర్చ ఎంత, దొరికిన టేపులమీద జరిగినదెంత?

ఇది పరాయి సంగతి కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జాన్ మెక్‌లాఫ్లిన్ బృందమైన రిమెంబర్ శక్తిలో వాయించాడు. 2001లో వచ్చిన "సాటర్‌డే నైట్ ఇన్ బాంబే"లో ఆయన మాండలిన్, మెక్‌లాఫ్లిన్ గిటారు సవాలు జవాబులుగా పరుగెత్తడం వినవచ్చు. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆయన కచేరీల టేపులకోసం వెతికేవారు పెరిగారు. ఆయన ఊళ్ళోకి వచ్చి వాయించినప్పుడు హాలుకు వెళ్ళి కూర్చోవడానికి టేపు వేటకు పడే శ్రమ అక్కరలేకపోయింది.

కనుక మన సభ్యులకు ఒక సూచన. ఇకమీదట కలిసినప్పుడు రాబోయే రికార్డుల పట్టిక చదివేముందు, మూడుసార్లయినా పూర్తిగా విన్న రికార్డు ఒకటి చెప్పండి. దొరికిన టేపును పొగిడేవారు దాని పక్కన మూలాన్ని కూడా వినిపించండి. చనిపోయినవారి రికార్డు ఒకటి కొన్నప్పుడు, బ్రతికి ఉన్నవారిది ఒకటి కొనండి, వీలైతే కచేరీకి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళండి. పై తీర్పులతో ఏకీభవించనివారు, ముఖ్యంగా 1963 నాటి టేపు విషయంలో, తమ వాదం వ్రాసి పంపితే వచ్చే సంచికలో చర్చ కొనసాగించవచ్చు.