నలుగురి పాటకు ఒక్కడి పేరు

'క్రేజీ ట్రైన్' మొదట్లో వచ్చే గిటార్ రిఫ్‌ని ఒక్కసారి మన స్వరాల్లో పెట్టి చూడండి. ఎఫ్ షార్ప్‌ని షడ్జం అనుకుంటే అది నికార్సయిన నటభైరవి. పంచమం దాకా వెళ్లి షడ్జానికి వస్తుంది, ధైవతం తాకి మళ్లీ షడ్జానికే వస్తుంది, ఆ తర్వాత మధ్యమం నుంచి గాంధార రిషభాల మీదుగా దిగుతుంది. గాయకుడు ఆజీ ఆస్బోర్న్ చరణం అందుకునే చోట గిటారిస్ట్ రాండీ రోడ్స్ ఆధార షడ్జాన్ని గాంధారం మీదికి జరిపేస్తాడు. అవే ఏడు స్వరాలు, ఇప్పుడు శంకరాభరణం! మన కచేరీలో ఎవరైనా గ్రహభేదం చేస్తే ముందు వరస తలలూపుతుంది. ఇరవై మూడేళ్ల కుర్రాడు కరెంటు గిటార్ మీద ఆ మలుపు తిప్పితే 'గోల' అని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ పాట ఉన్న ఆల్బమ్ 'బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్' పుట్టుక కథ అందరూ చెప్పుకునేదే. 1979లో బ్లాక్ సాబత్ బృందం ఆజీని పంపించేసింది. ఆ బృందం గిటారిస్ట్ టోనీ అయోమి అండ లేకపోతే ఇక ఇతని పని అయిపోయినట్టేనన్నారు. లాస్ ఏంజిలస్‌లో క్వయట్ రయట్ బృందంతో వాయిస్తున్న రాండీ వచ్చాడు. గిటార్ తగిలించుకుని వేళ్లు సాగదీసుకుంటూ ఉండగానే ఆజీ 'నువ్వే' అనేశాడట. రెయిన్‌బోలో బేస్ వాయించిన ఆస్ట్రేలియావాడు బాబ్ డెయిజ్లీ, యురయా హీప్ డ్రమ్మర్ లీ కెర్స్‌లేక్ కలిశారు. 1980లో ఇంగ్లండ్‌లోని రిడ్జ్ ఫామ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఆ సెప్టెంబర్‌లోనే విడుదలైంది.

రాండీ చేతి పని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఒక సోలో వాయించేవాడు. అదే సోలోని మొదటి నుంచి చివరి దాకా రెండోసారి, మూడోసారి కూడా వాయించేవాడు. ఒకటి మధ్యలో, మిగతావి ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. తీగ ఎక్కడ ఎంత లాగాడు, ఎక్కడ కంపితం వేశాడు, ఎక్కడ ఒక్క క్షణం ఊపిరి బిగపట్టాడు, అన్నీ మూడుసార్లూ ఒకేలా రావాలి. ఒక వీణ విద్వాంసుణ్ణి తానం వాయించమని అడిగి, గమకం గమకానికి సరిపోయేలా మరో రెండుసార్లు వాయించమనండి, ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ మూడింటి మధ్య మిగిలిన వెంట్రుకవాసి తేడాలే ఆ సోలోకి నిండుదనం ఇస్తాయి. ఇవాళ కంప్యూటర్‌లో ఒకే ముక్కని కాపీ చేసి, కాస్త పక్కకి జరిపి, 'అదే సౌండ్' అంటున్నారు. అది అదే సౌండ్ కాదు. మూడుసార్లు చెమటోడ్చిన చెయ్యి అందులో లేదు.

'మిస్టర్ క్రౌలీ'కి డాన్ ఎయిరీ కీబోర్డులు ముందు గుడి తలుపులు తెరుస్తాయి. డి మైనర్ పాట అది. సోలో వెనక కార్డ్‌లు ఒక్కో మెట్టే తిరుగుతూ, ఆవృత్తం చివర కాకలి నిషాదాన్ని తాకుతాయి. ఆ ఒక్క స్వరంతో పాట మొత్తానికీ కీరవాణి రంగు వస్తుంది. ఇళయరాజా పాటలు విని పెరిగిన తెలుగు చెవికి ఆ రంగు పరాయిది కాదు. రెండో సోలో ఇంకా నడుస్తుండగానే పాట సన్నగిల్లిపోతుంది, ప్రతిసారీ వాల్యూమ్ పెంచుతూ పోతాను.

ఇన్ని మెరుపుల మధ్య 'డీ' అని నిమిషం కూడా లేని ముక్క ఒకటుంది. ఒక్క గిటార్, సంప్రదాయ శైలి. నార్త్ హాలీవుడ్‌లో మ్యూజోనియా అనే సంగీత పాఠశాల నడిపిన తల్లి డెలోరస్ కోసం కట్టాడు దాన్ని. టూర్‌లో ఏ ఊరు వెళ్లినా క్లాసికల్ గిటార్ గురువుని వెతుక్కుని పాఠం చెప్పించుకున్న శిష్యుడతను.

అయితే నా పక్షం నేను దాచుకోను. ఈ రికార్డు రాండీది ఎంతో డెయిజ్లీ, కెర్స్‌లేక్‌లదీ అంతే. మాటలు చాలావరకు డెయిజ్లీ రాసినవే. 'గుడ్‌బై టు రొమాన్స్'లో ఆజీ గొంతు కింద బేస్ ఒక్కటే పట్టుకుని వినండి, రెండో గాయకుడు పాడుతున్నట్టుంటుంది. 'బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్' అన్నది బృందానికి పెట్టుకున్న పేరు. అట్ట మీదికి వచ్చేసరికి ఆజీ పేరే పెద్దదై, బృందం పేరు ఆల్బమ్ పేరుగా మిగిలింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. రాయల్టీల కోసం డెయిజ్లీ, కెర్స్‌లేక్ కోర్టుకెక్కారు. 2002లో మళ్లీ విడుదల చేసినప్పుడు వాళ్ల బేస్, డ్రమ్స్ తీసేసి రాబర్ట్ ట్రుహియో, మైక్ బోర్డిన్‌లతో కొత్తగా వాయించి అతికించారు. ఆ ఇద్దరూ గట్టి వాద్యకారులే, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ సీడీ తెలియక కొన్నాను. మూడో నిమిషానికల్లా ఏదో తేడా కొట్టింది. రాండీ అక్కడే ఉన్నాడు, అదే వాయిస్తున్నాడు. కానీ అతని ఒక్కో మలుపుకీ ఎదురుచూసి దెబ్బ వేసిన కెర్స్‌లేక్ అక్కడ లేడు. గది ఒకటే, మాట్లాడుకున్న మనుషులు మారిపోయారు. రాండీ 1982 మార్చి 19న ఫ్లోరిడాలో విమానం కూలి ఇరవై అయిదేళ్లకే పోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత అతని పక్కన ఎవరు వాయించాలో ఎవరో నిర్ణయించడమేమిటి? గుళ్లో పాత శిల్పం ముక్కు చెక్కేసి సిమెంటుతో కొత్త ముక్కు పెడితే ఊరుకుంటామా?

అభిమానులు ఊరుకోలేదు. 2011లో అసలు ట్రాకులు తిరిగి వచ్చాయి. కెర్స్‌లేక్ చివరి రోజుల్లో తను వాయించిన రెండు ఆల్బమ్‌ల ప్లాటినం డిస్కులు కావాలని అడిగాడు. ఆజీ పంపించాడు. 2020లో కెర్స్‌లేక్, 2025 జులైలో ఆజీ వెళ్లిపోయారు.

పిల్లలకి ఈ రికార్డు కొనిపెట్టేవాళ్లకి నా విన్నపం ఒక్కటే. అట్ట వెనక్కి తిప్పి సంవత్సరం చూడండి. 2002 అని ఉంటే పక్కన పెట్టేయండి. 2011ది గానీ, పాత ఎల్పీ గానీ దొరికితే ఇంటికి తెచ్చి, ముందు 'గుడ్‌బై టు రొమాన్స్' పెట్టి, బేస్ ఎక్కడుందో వాళ్లనే వెతకమనండి.