తుపాకీ ఎవరి చేతికి? ఒక తీర్పు పనితనం

చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో తిరిగినవారికి గుత్తికోయ ఆదివాసీల గుడిసెలు కొత్త కాదు. 2005 తర్వాత, ప్రభుత్వ అండతో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుంకీ మావోయిస్టులకూ మధ్య నలిగి, ఛత్తీస్‌గఢ్‌లోని దక్షిణ బస్తర్ ఊళ్లు వదిలి, మన మిరపచేలల్లో కూలికి కుదిరినవాళ్లు వాటిలో ఎందరో ఉన్నారు. వాళ్లను ఇక్కడికి తరిమిన కాలం గురించి చదవాలంటే నేను ముందుగా ఒక తీర్పును చూపిస్తాను. నందినీ సుందర్ తదితరులకూ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2011 జులై 5న వెలువరించిన తీర్పు అది. రాసినవారు రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో పుట్టిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. ధర్మాసనంలో ఆయన పక్కన జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ ఉన్నారు. మూడు రోజుల్లో పదవీ విరమణ ఉండగా వెలువడిన తీర్పు ఇది.

దీన్ని చాలామంది ఆదివాసీ హక్కుల తీర్పుగా చదువుతారు. అది నిజమే. ప్రజాస్వామ్యంలో ఆయుధం పట్టినవాడు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న మీద కూడా మన భాషల్లోకి రావలసిన పాఠం ఇందులో ఉంది.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. సల్వాజుడుం నడిచిన కాలంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వేలమంది ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్‌పీవోలుగా తీసుకుంది. వాళ్లకు నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, చేతికి తుపాకీ. సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ 2007లో దీన్ని సవాలు చేశారు.

తీర్పు మొదట్లో జోసెఫ్ కాన్రాడ్ నవల ప్రస్తావన ఉంది. కాంగో అడవుల్లో దంతం కోసం సాగిన దోపిడీ నుంచి బస్తర్ ఖనిజాల దాకా ఒక దారి గీస్తారు న్యాయమూర్తి. ఎక్కువమందికి గుర్తుండేది ఈ భాగమే. నన్ను కట్టిపడేసింది మాత్రం నడిమి భాగం. అక్కడ ఆవేశం లేదు. రాష్ట్రం తనంతట తానే దాఖలు చేసిన అఫిడవిట్‌ను ముందు పెట్టుకుని, కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి చూసినట్టు, ఒక్కొక్క మాటను పరీక్షిస్తారు.

శిక్షణ సంగతి చూడండి. ఎస్‌పీవోకు శిక్షణ రెండు నెలలు. నియామకంలో ఐదో తరగతి పాసైనవారికి ప్రాధాన్యం. ఆ రెండు నెలల్లోనే శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టం వంటివన్నీ కలిపి 24 పీరియడ్లు. మానవ హక్కులకు, రాజ్యాంగ నిబంధనలకు 12 పీరియడ్లు. బస్తర్ సంస్కృతి, ఆచారాలకు 9 పీరియడ్లు. ఆత్మరక్షణ హద్దు ఎక్కడిదాకా, ప్రాణం తీసే హక్కు ఎప్పుడు పుడుతుంది అన్నవి న్యాయస్థానాలే తర్జనభర్జన పడే విషయాలు. వాటిని ఐదో తరగతి చదివిన కుర్రవాడు 24 పీరియడ్లలో ఎలా ఒంటబట్టించుకుంటాడు? తీర్పు ఈ ప్రశ్నను గొంతు పెంచకుండా అడుగుతుంది.

తర్వాతిది లెక్క. ఎస్‌పీవోలు దారి చూపడానికి, మనుషుల్ని గుర్తుపట్టడానికి, మాట అనువదించడానికేననీ, తుపాకీ ఆత్మరక్షణకేననీ రాష్ట్రం చెప్పింది. 2004 నుంచి 2010 వరకు పోలీసు, పారామిలిటరీ సిబ్బంది 538 మంది చనిపోయారని చెప్పింది కూడా రాష్ట్రమే. 173 మంది ఎస్‌పీవోలు విధుల్లో ప్రాణాలర్పించారనీ చెప్పింది. బలగాల సంఖ్య పదుల వేలు, ఎస్‌పీవోలు కొన్ని వేలు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఎస్‌పీవోల మరణాల రేటు కొన్ని రెట్లు ఎక్కువ. అంటే దారి చూపడానికే అన్నవాళ్లను పోరాటంలో ముందు వరసలో నిలబెట్టారన్నమాట. రాష్ట్రం తన త్యాగాల జాబితాగా ఇచ్చిన అంకె అదే రాష్ట్రానికి ఎదురుసాక్ష్యమైంది. ఈ తీర్పు పనితనంలో నేను తలవంచేది ఇక్కడే.

దీని మీదే రాజ్యాంగ వాదం నిలిచింది. పూర్తి శిక్షణ పొందిన పోలీసుతో సమానమైన ప్రమాదంలోకి అరకొర శిక్షణ, అరకొర జీతంతో మనిషిని తోయడం 14వ అధికరణకు విరుద్ధం. ఆ కుర్రవాడి ప్రాణం, అతని తుపాకీకి ఎదురుపడే గ్రామస్థుడి ప్రాణం, రెండూ 21వ అధికరణ నీడలోనివే. ఎస్‌పీవోల సంఖ్యకు పరిమితి పెట్టి, వాళ్ల వేతనాల డబ్బు రాష్ట్రానికి తిరిగి చెల్లించడమే తన పని అన్న కేంద్రం వాదననూ కోర్టు ఒప్పుకోలేదు.

ఈ తీర్పు చదివాక ర్యాంకు అన్న మాట నాకు కొత్తగా అర్థమైంది. కానిస్టేబుల్‌కు పైన హెడ్ కానిస్టేబుల్ ఉంటాడు, సర్వీసు రికార్డు ఉంటుంది, రేపటి పదోన్నతి, ఎల్లుండి పింఛను ఉంటాయి. తప్పు చేస్తే పోగొట్టుకునేది అతనికి చాలా ఉంది. ఎన్నికైన ప్రభుత్వం సాయుధుణ్ణి అదుపులో ఉంచే పగ్గం ఈ నిచ్చెనే. ఏడాది నియామకంతో, గౌరవ వేతనంతో వచ్చిన ఎస్‌పీవోకు ఆ నిచ్చెన లేదు. అతని మీద ప్రభుత్వానికి పగ్గమూ లేదు, అతనికి ప్రభుత్వం మీద భరోసా లేదు.

అందుకే చివరి ఆదేశాల్లో కనిపించే కరుణ నాకు ముఖ్యం. మావోయిస్టులపై పోరులో ఎస్‌పీవోలను వాడవద్దు, తుపాకులు వెనక్కి తీసుకోండి అన్న కోర్టు, ఆయుధం పోయినవాళ్ల ప్రాణాలను కాపాడే బాధ్యతనూ రాష్ట్రం మీదే పెట్టింది. మావోయిస్టు హింసను అణచడం రాజ్యం విధి అని ఒప్పుకుంటూనే, ఆ పని రాజ్యాంగం గీసిన గీతలో జరగాలంది.

2011లోనే రాష్ట్రం కొత్త చట్టం చేసి ఎస్‌పీవోలను సహాయక సాయుధ పోలీసు బలగంలోకి తీసుకుంది. ఇది కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. నేడు జిల్లా రిజర్వ్ గార్డ్‌లో స్థానిక ఆదివాసీలూ, లొంగిపోయిన మావోయిస్టులూ పోలీసులుగా పనిచేస్తున్నారు. నిచ్చెన వచ్చింది, వరుస దాటించి ఇచ్చే పదోన్నతులూ వచ్చాయి. ఇక అడగవలసింది, ఆ నిచ్చెన మీద మెట్టు ఎక్కడానికి ఏది లెక్కలోకి వస్తోంది అన్నది: ఎదురుకాల్పుల్లో పడిన శవాలా, కాపాడిన ఊళ్లా? ఆ ప్రశ్నను ఎలా అడగాలో నేర్పడానికి ఈ తీర్పు నడిమి పేజీలు ఇప్పటికీ చాలు.